యాభై బండలకు ఒకసారి

రాయదుర్గం,
10 మార్చి 2025

ఉమకు,

ముందు ఆశీస్సులు. కోపమున్నా అవి ఆపకూడదు కాబట్టి పెట్టేశాను, తీసుకో. ఇక జగడం.

ఫోన్ రాకుండా కాగితం వచ్చిందంటేనే నీకు అర్థమై ఉంటుంది. మన నాయన ముప్పై ఏళ్ళు కోర్టు గుమాస్తా. చిన్నప్పుడు మనిద్దరం కొట్టుకున్నప్పుడల్లా చెరొక కాగితం చేతిలో పెట్టి, "నోటితో అనొద్దండి, రాసి అనండి. సదివినంక గూడా కోపముంటే అది నిజమైన కోపమే" అనేవాడు. జగడం తీరాక ఎవరి కాగితం వాళ్ళకు తిరిగొచ్చేది. ఇక మీదట అననని అనుకున్న మాటలను మన చేత్తో మనమే కొట్టెయ్యాలి. కొట్టెయ్యనివి నిలిచినట్టే. ఆ పద్ధతి ప్రకారమే రాస్తున్నా. తీరేదాకా ఫోన్ లేదు.

మొన్న శనివారం షాపులో వజ్రగార్డు యాంటీవైరస్ డీలరు పేజీ తెరిచాను. తాడిపత్రిలో మీ బండల పాలిష్ ఫ్యాక్టరీ పేరు ఎదురుగా నాలుగు కంప్యూటర్లకు నాలుగు ఎర్రచుక్కలు. కరెంటు పోయిందేమో అనుకున్నా. కానీ కరెంటు పోతే చుక్క బూడిదరంగులో ఉంటుంది. ఎర్రగా ఉందంటే ఎవరో చేత్తో తీసేసినట్టే.

ఆ మధ్యాహ్నమే మీ లారీ డ్రైవరు తిప్పన్న ఇక్కడ బండలు దించడానికి వచ్చాడు. అడిగితే, "నీకు తెలీదా అన్నా? కంప్యూటర్లల్లో అన్నీ మార్చేసినారు. స్కూటీ మీద ఒగ పాప వస్తాండాది. ఉమక్క ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకోని పూర్ణం ఓళిగలు పెడతాండాది. నాకూ రెండిచ్చినారు, నెయ్యి బాగుండాది" అన్నాడు. నెయ్యి సంగతి నేను అడగలేదు.

పన్నెండేళ్ళుగా మీ కంప్యూటర్లకు కాపలా నేను. ఏడాదికొకసారి వచ్చి ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే, నువ్వు టీ తెచ్చి, "ఏం చేస్తాండావన్నా?" అని అడిగేదానివి. అది పది నిమిషాల పని. నీ ముందర గంటన్నర చేసేవాణ్ణి. ఇప్పుడు ఆ కుర్చీలో ఆ పాప. కొత్తొక వింత, పాతొక రోత. నీ పక్కన ఇంకొకరు కూర్చుంటే నేను ఓర్వలేను. నాయన రాసి అనమన్నాడు కాబట్టి అనేశాను.

జవాబు తిప్పన్న చేతికే ఇవ్వు.

ఇంకా నీ అన్నే అనుకుంటున్న,
రాఘవేంద్ర


తాడిపత్రి,
17 మార్చి 2025

అన్నకు,

నమస్కారాలు. వాటి వెనకే నా కోపం కూడా వస్తోంది, చోటు చూసుకో.

నీ ఉత్తరం చదివి మీ బావ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మనుషులతో పాటు మెషీన్లు కూడా అలుగుతాయని అనుకుంటున్నావా? నీ వజ్రగార్డు గురించి చెప్తా విను.

గేటు దగ్గర లారీ హారన్ కొడుతుంటుంది. బిల్లు తీద్దామని కూర్చుంటాను. సరిగ్గా అప్పుడే దానికి ఇల్లంతా ఊడ్వాలని బుద్ధి పుడుతుంది. స్కానింగ్ అంటుంది, కంప్యూటర్ నీళ్ళలో బర్రెలా కూర్చుంటుంది. రెన్యూ చేసిన మర్నాడే మూల నుంచి ఒక పెట్టె లేచి 'మీ రక్షణ ముగియబోతోంది' అని బెదిరిస్తుంది. పన్నులు కట్టే సైటును ప్రమాదం అంటుంది. అదే, పోయిన వేసవిలో బండలు కొనే బెంగళూరు మనిషి పెన్‌డ్రైవ్‌లోంచి నిజమైన వైరస్ వచ్చి నా ఫోల్డర్లన్నీ మాయం చేస్తే, పక్కన పచ్చటి టిక్కు పెట్టుకుని 'మీరు క్షేమం' అంది. ఎన్నిసార్లు నీకు ఫోన్ చేశాను? ప్రతిసారీ నీది ఒకటే మాట: "నువ్వే ఏదో నొక్కింటావులే."

ఆ పాపకు పేరుంది. రెబెకా. ఇరవయ్యారేళ్ళు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. బండల ఫ్యాక్టరీలన్నిటికీ స్కూటీ మీద తిరిగి కంప్యూటర్లు బాగుచేస్తుంది. వజ్రగార్డు తీసి మొదట ఇంకొకటి వేసింది. అది గంటకొకసారి నన్ను కొనండి, నన్ను కొనండి అని ప్రాణం తీసింది. దాన్నీ పీకేసి, "అక్కా, కంప్యూటర్‌తో పాటే వచ్చినదొగటి లోపల ఉండాది. దాన్నే సరిగ్గా పెట్టుకుంటే సాలు" అని అదే పెట్టింది. అది ఉన్నట్టే తెలియదు. నాకు కావలసింది అదే.

తీసెయ్యడానికి ఇంకొక కారణం కూడా ఉంది. అది చెప్పను. చెబితే నువ్వు బాధపడతావు.

మే 11న ప్రశాంతికి ఓణీలు. మేనమామ ఓణీ తెచ్చి కప్పితేనే అది ఫంక్షను. నీ మేనకోడలు రోజులు లెక్కపెడుతోంది. అంతలోగా ఈ జగడం తీరిపోవాలి.

వదినకు నమస్కారాలు, వాటిలో కోపం లేదు.

ఉమ


రాయదుర్గం,
27 మార్చి 2025

శ్రీమతి ఉమాదేవి గారికి,

నాకు చెప్పలేని కారణమట. చెప్పకపోయినా తెలుసు. రాఘవేంద్ర పని అయిపోయిందని మీ ఫ్యాక్టరీలో అందరూ అనుకుంటున్నారు. అంతేగా?

నిజమే. రాయదుర్గంలో ఇప్పుడు అందరూ ఫోన్లలోనే పనులు చేసుకుంటున్నారు. వజ్రగార్డు పెట్టెలు అద్దం వెనక ఎండకు వెలిసిపోయాయి. కంపెనీవాళ్ళు మంచి డీలరువని ఇచ్చిన గోడ గడియారం కూడా ఆగిపోయింది. అయినా, చెల్లెలి ఫ్యాక్టరీలో నాలుగు పచ్చచుక్కలు ఉన్నాయి కదా అని పొద్దున్నే ఒకసారి చూసుకుని షట్టరు ఎత్తేవాణ్ణి. ఇప్పుడు షట్టరు ఎత్తబుద్ధి కావడం లేదు.

ఊరికే వచ్చిన కాపలా ఏం కాస్తుంది? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. ఆ పాపకు పాస్‌వర్డ్ కూడా ఇచ్చావని తిప్పన్న చెప్పాడు. నాకెప్పుడైనా ఇచ్చావా? "నేనే కొడతాలే అన్నా, నువ్వు పక్కకు తిరుగు" అనేదానివి. పన్నెండేళ్ళు గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంకొకటి. ఓళిగలు ఉగాదికి కదా చేసేది? శివరాత్రి అయిన వారానికే నువ్వు ఓళిగలు ఎందుకు చేశావని మీ వదినను అడిగాను. "పిల్లోనిమాదిరి ఓళిగలకు కుళ్ళుకుంటాండావే" అని నవ్వింది. కుళ్ళుకోవడానికి వయసుందా?

ఇవాళ కూడా మీ పేరు ఎదురుగా ఎర్రచుక్కలే.

రాఘవేంద్ర


తాడిపత్రి,
5 ఏప్రిల్ 2025

అన్నా,

'శ్రీమతి', 'గారు' రెండూ కత్తిరించి నీకే తిరిగి పంపుదామనుకున్నాను. ప్రశాంతి ఆపింది.

నీకొక్కడికే వస్తుందా కుళ్ళు? నా కథ విను. నవంబరులో ఒకరోజు గాభరాగా ఫోన్ చేశాను, గుర్తుందా? నేను మాట మొదలుపెట్టేలోపే, "ఉండమ్మా, హేమ మేడం ల్యాప్‌టాప్ అర్జెంటు" అన్నావు. తర్వాత వదినను అడిగితే, మీ ఊళ్ళో స్కూలు నడిపే ఆవిడ, ముప్పై కంప్యూటర్లు ఉన్న గిరాకీ అని చెప్పింది. నావి నాలుగే. ఆమె పని మధ్యలో నాకు దొరికింది మూడు నిమిషాలు, అదీ సగం చెవితో. ఆ రోజంతా నేను ఆ హేమ మేడంను తిట్టుకున్నాను. ముఖం కూడా చూడని మనిషిని. ఆ మూడు నిమిషాల్లో ఏం జరిగిందో నీకు ఇప్పటికీ తెలియదు.

రెబెకా పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. అడిగే ముందు "అక్కా, ఇది మీకు ముక్యమైనదా?" అని ప్రతి ఫైలు చూపించింది. నువ్వు ఎప్పుడూ చూపించలేదు. నీకంతా తెలుసు కాబట్టి.

ఓణీ కొన్నావా? ప్రశాంతి అడుగుతోంది. నేను అడగడం లేదు.

ఉమ


రాయదుర్గం,
14 ఏప్రిల్ 2025

ఉమాదేవికి,

ఇక చాలు.

నిన్న తిప్పన్న మళ్ళీ వచ్చాడు. నీ ఉత్తరం ఇచ్చి, నేను అడగకుండానే చెప్పాడు: "ప్రశాంతమ్మను ఆ రెబెకా పాప స్కూటీ మీద ఎక్కించుకోని టైలరు కాడికి పోయిందన్నా. ఓణీకి ఏ రంగు బాగుంటాదో ఆ పాపే సెప్పిందంట. ఇద్దురూ నవ్వుకుంటా పోతాండ్రి." చెప్పి టీ తాగి వెళ్ళాడు. అతనికేం, లారీ ఎక్కితే ఆ మాట అక్కడే దిగిపోతుంది. నాకు రాత్రి అన్నం దిగలేదు.

నేను ఏం చేశానో నీకు తెలుసా? పోయిన నెలలోనే ధర్మవరం వెళ్ళాను. మూడు అంగళ్ళు తిరిగాను. చిన్నప్పుడు ప్రశాంతి వంకాయ తోటలో పువ్వులు కోసిందని నువ్వు దాన్ని కొట్టబోతే నేనే కదా అడ్డం పడ్డాను. ఆ పువ్వు రంగు ఓణీ వెతికి వెతికి తెచ్చి బీరువాలో పెట్టాను. మీ వదినను కూడా ముట్టుకోనివ్వలేదు.

ఇప్పుడు రంగు కూడా ఆ పాపే చెబుతుందన్నమాట. కంప్యూటర్లు పోయాయి, కుర్చీ పోయింది, ఓళిగలు పోయాయి. మేనకోడలు ఒక్కతే మిగిలిందనుకున్నా. ఓణీ కూడా ఆ పాపనే తెమ్మను. మేనమామ పీట కూడా ఆమెకే వేయించు. నేను రాను.

నాయన చెప్పినట్టు రాసి, చదువుకుని, మళ్ళీ చదువుకున్నాను. కోపం అలాగే ఉంది.

రాఘవేంద్ర


తాడిపత్రి,
20 ఏప్రిల్ 2025

అన్నా,

నీ ఉత్తరం ప్రశాంతి చదివింది. నేను దాచేలోపే చదివేసింది. "మామ రాడా?" అని ఒకటే మాట అడిగి గదిలోకి వెళ్ళింది. కాబట్టి చెప్పకూడదనుకున్న కారణం చెప్పేస్తున్నాను. బాధపడితే పడు.

నా పెళ్ళైన కొత్తలో, 2010లో, నేను ఈ ఆఫీసులో కూర్చుని ప్రతి బండకూ పొడవు, వెడల్పు కాగితం మీద హెచ్చించి చదరపు అడుగులు తీసేదాన్ని. లారీకి నాలుగు వందల బండలు. వేళ్ళు కొంకర్లు పోయేవి. నువ్వు వచ్చి చూసి, రాయదుర్గం వెళ్ళి, నెల తర్వాత ఒక పాత కంప్యూటర్ మోసుకొచ్చావు. అందులో నువ్వే రాసిన ప్రోగ్రాం. పేరు 'చదరం'. కొలతలు కొడితే లెక్క అదే చెప్పేది, మూల విరిగిన బండకు తగ్గింపు కూడా చేసేది. యాభై బండలకు ఒకసారి మాత్రం ఆగిపోయి ఒక కిటికీ తెరిచేది. 'ఉమమ్మా, దుమ్ములో ఉండావు. నీళ్ళు తాగు.' కింద 'సరే' అని ఒకటే బటన్. అది నొక్కితే గానీ యాభై ఒకటో బండ తీసుకునేది కాదు. మొదట విసుక్కున్నా. తర్వాత పక్కన చెంబు పెట్టుకోవడం అలవాటైంది. కంప్యూటర్లు మూడుసార్లు మారాయి, చదరం మారలేదు. నువ్వు దాని సంగతి ఎప్పుడో మరిచిపోయావు.

పోయిన ఏడాది నువ్వు వజ్రగార్డు కొత్త వెర్షన్ వేశావు. అప్పటినుంచి అది రోజూ పొద్దున్నే చదరాన్ని పట్టుకుని మూలకు కట్టేస్తుంది. 'ప్రమాదం: ఒకటి. పేరు: చదరం. తయారుచేసినవారు: తెలియదు.' పదిహేనేళ్ళుగా నా పక్కన ఉన్న నిన్ను నీ వజ్రగార్డే తెలియదంది. నేను రోజూ విడిపించుకునేదాన్ని. నవంబరులో అది కూడా కుదరక నీకు ఫోన్ చేశాను. నువ్వు మీ షాపు నుంచే నా కంప్యూటర్‌లోకి వచ్చావు. బాణం గుర్తు దానంతటది కదులుతుంటే నేను చూస్తున్నాను. "అన్నా ఉండు, అది..." అంటున్నాను. "ఏం గాదులేమ్మా, ఒగ వైరస్సే" అని శాశ్వతంగా తుడిచేసి, హేమ మేడం దగ్గరికి వెళ్ళిపోయావు.

కంచే చేను మేసింది. కంచెకు తాళం తీసింది నువ్వు.

షాపు మారినప్పుడు పాత డిస్కులన్నీ పారేశావని ఒకసారి నవ్వుతూ చెప్పావు, కాబట్టి నిన్ను అడిగి లాభం లేదు. మూడు నెలలు మళ్ళీ చేత్తో లెక్కలు. ఒక లోడు తప్పు పోయి బెంగళూరు నుంచి మాట పడ్డాం. రెబెకా వచ్చినప్పుడు, వేరే ప్రోగ్రాం వేస్తానంది. నేను వద్దన్నాను. ఎందుకని అడిగితే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అప్పుడామె అటక మీద నుంచి నువ్వు మోసుకొచ్చిన మొదటి కంప్యూటర్ దించింది. దాని డిస్కు టకటకమని కొట్టుకుంటోంది. మూడు మధ్యాహ్నాలు, తన పనులు ముగించుకుని, నా పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా లాగింది. చదరం, దాన్ని నువ్వు రాసిన మూలప్రతి, రెండూ దొరికాయి. చూసి, "ఎవురు రాసినారక్కా ఇది? శానా శుద్ధంగా రాసినాడు" అంది. మా అన్న అని చెప్పాను. వజ్రగార్డు ఉంటే మళ్ళీ మింగుతుంది కాబట్టి దాన్ని పీకేయించాను. నిన్ను కాదు, దాన్ని.

ఆ మూడో మధ్యాహ్నం నీ కిటికీ మళ్ళీ తెరుచుకుంది. ఆ సంతోషానికే ఓళిగలు చేశాను. నువ్వు కుళ్ళుకున్న ఓళిగలు నీవే అన్నా.

టైలరు దగ్గరికి రవిక కొలతకు వెళ్ళారు. రెబెకా ఓణీ ఏ రంగు అని అడిగితే, "మామ తెచ్చేదే రంగు" అందట నీ మేనకోడలు. తిప్పన్న సగమే విన్నాడు.

నీ మూడు ఉత్తరాలు తిరిగి పంపుతున్నాను. కొట్టేసేది ఏమిటో నీ ఇష్టం. పీట నీదే. వేసే ఉంచుతాను, వచ్చినా రాకపోయినా.

ఉమ


రాయదుర్గం,
29 ఏప్రిల్ 2025

ఉమమ్మా,

నీ ఉత్తరం చదివి డీలరు పేజీలో పాత దాఖలాలు తెరిచాను. నిన్ను నమ్మక కాదు, నన్ను నేను నమ్మలేక. ఉంది. 21 నవంబరు, పగలు పదకొండు నలభై. 'చదరం. శాశ్వతంగా తొలగించబడింది. ఆదేశించినవారు: రాఘవేంద్ర.' తయారుచేసినవాడి పేరు తెలియదట. చంపినవాడి పేరు మాత్రం తప్పు లేకుండా రాసి పెట్టుకుంది.

కంపెనీకి ఫోన్ చేశాను. గంటసేపు పాట వినిపించారు. చివరికి ఒకాయన వచ్చి, అంతా విని, "మీరే ఏదో నొక్కి ఉంటారు సార్" అన్నాడు. ఆ మాట వినడానికి ఎలా ఉంటుందో నాకు నలభై నాలుగేళ్ళకు తెలిసింది.

నా కంప్యూటర్‌లోంచి వజ్రగార్డును తీసేశాను. పోతూ పోతూ 'మమ్మల్ని ఎందుకు వదిలేస్తున్నారు?' అని అడిగి ఆరు కారణాలు చూపించింది. నా కారణం వాటిలో లేదు. ఆగిపోయిన గడియారం కూడా గోడ మీద నుంచి దించాను. ఇకపై రిపేర్లే చేస్తాను. చేసే ముందు ఇది మీకు ముఖ్యమైనదా అని అడుగుతాను.

చదరం నేను మరిచిపోయాననడం నిజం. అది ఇంకా నడుస్తోందంటే నమ్మలేకపోయాను. పదిహేనేళ్ళు నువ్వు నా మాట విని నీళ్ళు తాగావు. నేను మాత్రం నీ మాట సగం చెవితో విన్నాను.

ఉత్తరాలు ముందర వేసుకుని పెన్ను పట్టుకున్నాను. 'నేను రాను' కొట్టేశాను. పీట మాట కొట్టేశాను. 'శ్రీమతి', 'గారు' కాగితం చిరిగేలా కొట్టేశాను. పొరుగింటి పుల్లకూర, పాత రోత, అన్నీ. ఒక్క వాక్యం మిగిలింది. 'నీ పక్కన ఇంకొకరు కూర్చుంటే నేను ఓర్వలేను.' రెండుసార్లు పెన్ను పెట్టి తీశాను. అది అబద్ధం కాదు, ఇక మీదట ఉండదని మాట ఇవ్వలేను. ఆ పాప ఎంత మంచిదైనా సరే, నాకు కుళ్ళే. నిలవనీ.

ప్రశాంతికి చెప్పు, రంగు వంకాయపువ్వుదని. చెప్పకు, చూడనీ.

మీ అన్న,
రాఘవేంద్ర


తాడిపత్రి,
20 మే 2025

అన్నా,

జగడం లేకుండా నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఫోన్‌లో చెబితే సరిపోయేది. కాగితం మీద ఉండాలనిపించింది.

ఓణీ కప్పినప్పటి నుంచి ప్రశాంతి దాన్ని విప్పమంటే విప్పడం లేదు. స్కూలు లేదు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నువ్వు పీట మీద కూర్చుని, అందరూ చూస్తుండగా ముక్కు చీదుకున్నావని మీ బావ ఇప్పటికీ చెబుతున్నారు. రెబెకా నీకు నమస్కారం పెడితే తల ఊపి పక్కకు చూశావు. నేను గమనించాను. తర్వాత వడ్డించేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఆ పాపకు ఓళిగ ఏసినారా? నెయ్యి ఎక్కువ పొయ్యండి" అన్నావు. అది కూడా గమనించాను.

భోజనాల వేళ అరగంట కనిపించకుండా పోయావు. మళ్ళీ అలిగావేమో అనుకున్నాం. తిప్పన్న వచ్చి, "ఆఫీసులో నీ కంప్యూటర్ ముందర కూర్చోనుండాడు, పిలిస్తే పలకల్యా" అని చెప్పాడు. పొద్దున బిల్లు తీసి నేనే తెరిచి వదిలేశాను కానీ, ఏం చేస్తున్నావో అర్థం కాలేదు. బస్సు ఎక్కేటప్పుడు కూడా నువ్వు చెప్పలేదు.

ఈ రోజు పొద్దున హుబ్లీ లోడు. రెబెకా ప్రింటరు చూడటానికి వచ్చి నా పక్కనే కూర్చుంది, అదే కిటికీ పక్క కుర్చీలో. నేను కొలతలు కొడుతున్నాను. యాభయ్యో బండ అయింది. చదరం ఆగింది. కిటికీ తెరుచుకుంది.

'ఉమమ్మా, దుమ్ములో ఉండావు. నీళ్ళు తాగు. ఆ పాపకు గూడా ఇయ్యి.'

రెబెకా చదివి, "ఇంగా నా పేరు రాదా అక్కా మీ అన్నకు?" అని పడీపడీ నవ్వింది. చెంబు ఇద్దరి మధ్యా పెట్టుకుని తాగాం. ఆమె తాగేదాకా ఆగాను. కింద ఎప్పటిలాగే ఒకటే బటన్ ఉంది, సరే అని.

నొక్కింది నేనే అన్నా.

ఉమ